తీరిగ్గా చదవాల్సిన కోబాల్

కోబాల్ పూర్తిగా పుట్టకముందే దానికి సమాధిరాయి సిద్ధమైంది. ఆర్‌సీఏ కంపెనీ ఉద్యోగి హోవర్డ్ బ్రోంబర్గ్ ఈ కొత్త ప్రోగ్రామింగ్ భాషకు రూపమిస్తున్నవారిలో ఒకరు. పని ఎంతకీ ముందుకు సాగడం లేదని విసిగిపోయి, 1960లో 'కోబాల్' అని చెక్కించిన రాయిని పెంటగాన్‌లో ఆ ప్రయత్నానికి పెద్దగా ఉన్న చార్లెస్ ఫిలిప్స్‌కు పంపారు. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. భాష మాత్రం ఆ ఏడాది డిసెంబరు 6, 7 తేదీల్లోనే తన సత్తా చూపించింది. దాదాపు ఒకే ప్రోగ్రామ్ ఆర్‌సీఏ యంత్రం మీదా, యూనివాక్ యంత్రం మీదా నడిచింది.

ఇవాళ ఇందులో వింతేమీ కనబడదు. అప్పట్లో ఏ కంపెనీ యంత్రానికి ఆ కంపెనీ భాషే. కంప్యూటర్ మారిస్తే జీతాల లెక్కల నుంచి గోడౌన్ లెక్కల దాకా మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే. అన్ని యంత్రాలకూ పనికొచ్చే వ్యాపార భాష ఒకటి కావాలని మేరీ హాస్ అనే ప్రోగ్రామర్ పట్టుబట్టారు. అందుకోసం 1959 మే నెలలో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. మామూలు ఇంగ్లిష్ మాటలతో ఆదేశాలు రాయవచ్చని గ్రేస్ హాపర్ అప్పటికే తన ఫ్లో-మ్యాటిక్ భాషతో రుజువు చేసి ఉన్నారు. కోబాల్ ఆ దారినే పట్టింది.

ఈ మాటల పటాటోపం చూసి కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ముఖం చిట్లించారు. 1975లో వాళ్లలో ఒకరైన డైక్‌స్ట్రా అయితే ఈ భాషను బోధించడం నేరంగా పరిగణించాలనేశారు. అంత పెద్దాయన మాటను కాదనడానికి ధైర్యం కావాలి గానీ, కోబాల్ అసలు బలం ఆదేశాల్లో లేదు, డేటా ఎలా ఉండాలో చెప్పే డేటా డివిజన్‌లో ఉంది. ప్రోగ్రామ్ ఒక్క పనీ చెయ్యకముందే, ఎక్కడ ఎన్ని అంకెలు, ఎన్ని అక్షరాలు పడతాయో బ్యాంకు చలానాలో గడులు గీసినట్టు గీసిపెట్టేస్తారు. 'పిక్ ఎస్9(7)వి99' అని రాస్తే ప్లస్సో మైనస్సో ఒక గుర్తు, ఏడంకెల రూపాయలు, రెండంకెల పైసలు అని అర్థం. 'వి' ఉన్నచోట దశాంశ బిందువు ఉన్నట్టు లెక్క, మెమరీలో అది జాగా తీసుకోదు. చివర 'కాంప్-3' అని చేరిస్తే ఒక్కో బైటులో రెండేసి అంకెలు సర్దుకుంటాయి. తొమ్మిది అంకెలూ గుర్తూ కలిపి ఐదు బైట్లలో ఇమిడిపోతాయి.

పైసల దగ్గర దీని విలువ తెలుస్తుంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బైనరీలో 0.1ని సరిగ్గా రాయడం కుదరకపోవడమే కారణం. కోబాల్ పైసలను పదుల లెక్కలోనే దాచుకుంటుంది కాబట్టి ఈ తోక రాదు. కోట్ల ఖాతాలకు వడ్డీ కట్టాల్సిన బ్యాంకులు ఈ భాషను వదలకపోవడంలో మొండితనం కన్నా తెలివే ఎక్కువ.

జాగా పొదుపు మరోచోట మెడకు చుట్టుకుంది. సంవత్సరానికి 'పిక్ 99' అని రెండంకెల గడే ఇచ్చారు. 1965లో పుట్టినవారి వయసు 2000లో లెక్కకడితే 00లోంచి 65 తీసేయాలి. మైనస్ 65 వస్తుంది. వయసు గడిలో గుర్తుకు చోటు లేకపోతే మైనస్ రాలిపోయి, ముప్ఫై అయిదేళ్ల మనిషికి 65 అని పడుతుంది. యంత్రం ఆగదు, కేక వెయ్యదు. తప్పు వయసుతో నిశ్చింతగా పింఛను లెక్కకట్టేస్తుంది.

ఆ గడులను వెతికి సరిచేయడానికి ప్రపంచానికి లక్షల చేతులు కావాల్సి వచ్చినప్పుడు హైదరాబాద్ ముందుకొచ్చింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్, దానికి తోడుగా వాడే జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 కలిపి 'మెయిన్‌ఫ్రేమ్స్' కోర్సుగా చెప్పారు. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌ను కళ్లతో చూడకుండానే, జిరాక్స్ మెటీరియల్ చదివి నేర్చుకున్నవాళ్లు ఎందరో. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి అక్కడే ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2000 సంవత్సరం అప్పటికి పదమూడు నెలల దూరంలో ఉంది. వైటూకే అని పేరుపడ్డ ఆ గండం గడిచాక కోర్సుల బోర్డులు జావాకూ డాట్‌నెట్‌కూ మారాయి. చదివినదాన్ని ఆస్వాదించే వ్యవధి ఆ తరానికి దొరకలేదు.

ఇప్పుడు దొరుకుతుంది. లింగంపల్లిలో, నల్లగండ్లలో స్థిరపడ్డ ఆనాటి ప్రోగ్రామర్లు యాభై దాటుతున్నారు. వాళ్లు మళ్లీ కోబాల్ పట్టుకోవాలంటే రూపాయి ఖర్చు లేదు. గ్నూకోబాల్ అనే ఉచిత కంపైలర్ మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. రాసిన ప్రోగ్రామును ముందు సీ భాషలోకి మార్చి, తర్వాత యంత్రభాషలోకి దించుతుంది. పాత వాసన కావాలనుకుంటే రోజర్ బౌలర్ 1999లో విడుదల చేసిన, పాత మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే హెర్క్యులీస్ ఎమ్యులేటర్ ఉంది. దానిలో ఐబీఎం పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8ని నడుపుకోవచ్చు.

పాత పద్ధతిలో రాస్తేనే ఈ భాష ఎందుకిలా ఉందో తెలుస్తుంది. ప్రతి వరసా 80 గళ్ల పంచ్‌కార్డు. మొదటి ఆరు గళ్లు వరస సంఖ్యకు. కార్డుల కట్ట చేజారితే మళ్లీ పేర్చుకోవడానికి అదే ఆధారం. ఏడో గడిలో నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ వరస వివరణ మాత్రమే. ఎనిమిది నుంచి 72 దాకా అసలు ప్రోగ్రామ్. 'ఎండ్-ఇఫ్' 1985 ప్రమాణంతో వచ్చింది. అంతకుముందు రాసినవాళ్లకు ఫుల్‌స్టాపే గతి. అది ఒక వరస ముందు పడితే షరతు అక్కడే తెగి, మిగతా పని అడిగినా అడక్కపోయినా జరిగిపోయేది. పై వయసు లెక్కను పది వరసల్లో రాసి, ముప్ఫై అయిదు 65గా మారడం సొంత తెర మీద చూస్తే, వైటూకే గురించి వంద వ్యాసాలు చెప్పనిది ఒక్కసారిగా బోధపడుతుంది.

కోబాల్ మ్యూజియం సరుకు కూడా కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, ఆ పని చూసే పాత కంప్యూటర్లకు కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అప్పటి న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడిగారు. 2023లో ఈ భాషకు కొత్త అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది.

హైదరాబాద్ ఐటీ చరిత్రను భవనాల ఫొటోలతో చెబుతున్నాం. ఆ భవనాలను నింపిన చదువు అమీర్‌పేట స్పైరల్ బైండింగ్ నోట్సుల్లో ఉంది. మీ అటక మీద అలాంటిదొకటి ఉంటే పాత పేపర్ల బండికి వెయ్యకండి. స్కాన్ చేసి దాచండి, ఒక ఆదివారం అందులోని మొదటి ప్రోగ్రామును గ్నూకోబాల్‌లో నడిపి చూడండి, ఇంట్లో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.