బిరడాకు గేరు వేద్దామా?

అశోక్‌నగర్‌లో గది. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం కోచింగ్. చిన్నప్పుడు నేర్చుకున్న వయొలిన్ మాత్రం గదిలో ఓ మూలన కేసులోనే ఉండిపోయింది. నారాయణగూడలో ఇద్దరు పిల్లలకు పాఠం చెప్పినా, త్యాగరాయ గానసభలో ఎవరికైనా పక్క వాద్యం వాయించినా నోటిఫికేషన్ వచ్చేలోపు కొంత చేతిఖర్చు వస్తుంది. ఇది మీ పరిస్థితేనా? అయితే ముందు ఆ వయొలిన్ బిరడాలను ఒకసారి తిప్పి చూడండి. కదలకుండా మొండికేస్తున్నాయా? తిప్పిన వెంటనే జారిపోతున్నాయా? మీకు పనికొచ్చే పరిష్కారం ఒకటుంది. అదే గేరు బిరడా!

ఇబ్బంది ఎక్కడ?

మామూలు బిరడాను పట్టి ఉంచేది స్క్రూ కాదు, జిగురూ కాదు. కేవలం ఒరిపిడి. కొసకు వెళ్లేకొద్దీ అది సన్నబడుతుంది. ప్రతి 30 మిల్లీమీటర్ల పొడవుకూ మందం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. ఆ వాలుకూ రంధ్రం వాలుకూ జత కుదిరితేనే పట్టు దొరుకుతుంది. వానాకాలం చెమ్మకు చెక్క ఉబ్బితే బిరడా బిగుసుకుంటుంది. ఎండాకాలం ఎండిపోయి వదులవుతుంది. బయటి ఉక్కలోంచి ఏసీ హాల్లోకి వెళ్లినా తేడా తెలిసిపోతుంది.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకు ఇంకో కష్టముంది. మనం కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. బిరడాలు పాదం దగ్గరే ఉంటాయి. వంగి, లోపలికి నొక్కుతూ, అదే సమయంలో తిప్పాలి. వేదిక మీద, మైకు ముందు, గాయకుడు ఎదురుచూస్తుండగా ఇదంత తేలికేం కాదు.

పైగా శ్రుతి ఎప్పుడూ ఒకటే ఉండదు. పురుష గాయకుల్లో చాలామంది ఒకటి, రెండు శ్రుతుల దగ్గర పాడతారు. గాయనులు నాలుగున్నర, అయిదు, అయిదున్నర దగ్గర పాడతారు. మన తీగలు స, ప, స, ప వరసలో ఉంటాయి కాబట్టి గాయకులు మారితే నాలుగు తీగలనూ మార్చాల్సిందే. కింద టెయిల్‌పీస్‌కు ఉండే ఫైన్ ట్యూనర్లు కొద్దిపాటి సవరణకే సరిపోతాయి. పెద్ద మార్పు కావాలంటే మళ్లీ బిరడాను పట్టుకోక తప్పదు.

గేరు ఏం చేస్తుంది?

చూడ్డానికి ఇదీ నల్లటి మామూలు బిరడాలాగే ఉంటుంది. కిటుకంతా లోపల ఉంది. దాని గొట్టం చెక్కలో కదలకుండా బిగిసి ఉంటుంది. మీరు తిప్పే తలకూ, తీగ చుట్టుకునే భాగానికీ మధ్య చిన్న పంటిచక్రాలు ఉంటాయి. మెకానికల్ విద్యార్థులు గేర్‌బాక్స్ పాఠంలో చదివే సూత్రమే ఇది.

అమెరికా మార్కెట్ నుంచి వచ్చిన నిల్లింగ్ ‘పర్ఫెక్షన్’ రకంలో నిష్పత్తి 4:1. అంటే తలను నాలుగు చుట్లు తిప్పితే తీగ ఒక చుట్టు కదులుతుంది. జర్మనీ కంపెనీ విట్నర్ ‘ఫైన్‌ట్యూన్’ రకంలో ఇది 8.5:1. మామూలు బిరడాను వెంట్రుకవాసి కదిపితే శ్రుతి దాటిపోయే చోట, ఇక్కడ నింపాదిగా తిప్పి సరిగ్గా షడ్జమం మీద ఆపొచ్చు. లోపలికి నొక్కే పని లేదు. వదిలిన చోటే నిలుస్తుంది.

‘సంప్రదాయం పాడవదా?’ అని ఇంట్లో అడగొచ్చు. అసలు వయొలినే మనకు బయటి నుంచి వచ్చింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితార్ దాన్ని మన సంగీతానికి మలిచారు. మనం కూర్చునే తీరు మార్చాం, శ్రుతి వరస మార్చాం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలోని వాద్యానికి గేరు మరలు ఉండనే ఉన్నాయి. దానివల్ల ఆయన గమకాలకు లోటేమీ రాలేదు.

ఏం చేయలేదు?

గేరు మీ చెవికి శ్రుతిజ్ఞానం ఇవ్వదు. అరిగిన తీగను కొత్తది చేయదు. ఒకటి శ్రుతికి సరిపడే తీగను అయిదున్నరకు లాగితే తెగే ప్రమాదం అలాగే ఉంటుంది. తీగ మార్చడం కూడా ఆలస్యమే. అయిదు చుట్లు చుట్టడానికి 4:1 రకంలో తలను 20 సార్లు, 8.5:1 రకంలో 42 సార్లకు పైగా తిప్పాలి. తీగను అవసరమైనంతే చుట్టడం అలవాటు చేసుకోండి.

వేయించే ముందు...

• బిరడా కేవలం జారుతుంటే మొదట పెగ్ పేస్ట్ రాసి చూడండి. మంచి పనివారితో జత సరిచేయిస్తే గేరు అవసరమే రాకపోవచ్చు.
• గేరు బిరడాలు రకరకాల మందాల్లో వస్తాయి. రంధ్రాలు కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు.
• రంధ్రం పెద్దది చేయాల్సి రావొచ్చు. తీసేసిన చెక్క తిరిగి రాదు. తాతల నాటి వయొలిన్ అయితే అనుభవజ్ఞులకు చూపించాకే నిర్ణయించండి.
• నాలుగు తీగలూ ఒకేసారి విప్పకండి. లోపలి సౌండ్‌పోస్ట్‌ను జిగురుతో అంటించరు. తీగల ఒత్తిడి పోతే అది పడిపోవచ్చు.

ఎవరికి లాభం?

రోజూ ఒకే శ్రుతిలో ఇంట్లో సాధన చేసుకునేవారికి ఈ ఖర్చు తొందరేం లేదు. ఇద్దరు ముగ్గురు గాయకులకు వాయించేవారికి, ఆకాశవాణి బి గ్రేడ్ ఆడిషన్‌కు సిద్ధమవుతున్నవారికి మాత్రం ఇది పనికొచ్చే పెట్టుబడి. ఆడిషన్‌లో మీకిచ్చిన కొద్ది నిమిషాలూ రాగానికి దక్కాలి, బిరడాకు కాదు. పాఠాలు చెప్పేవారికీ అంతే. గంట క్లాసులో ఆరుగురు పిల్లల వయొలిన్లను ఒక్కొక్కటీ అయిదు నిమిషాలు శ్రుతి చేస్తే అరగంట అయిపోతుంది. పిల్లలే సొంతంగా శ్రుతి చేసుకోగలిగితే ఆ అరగంట పాఠానికి మిగులుతుంది.

చేతిపని ఇష్టమున్నవారికి ఇంకో దారి కూడా ఉంది. బిరడాలు అమర్చడం నేర్చుకోండి. వాలు రీమర్, పెగ్ షేపర్, కాలిపర్‌తో మొదలుపెట్టి, ముందు చవక వయొలిన్ మీద చేయి తిప్పండి. వయొలిన్ పట్టుకుని తిరిగే విద్యార్థులు రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల దగ్గరే కనిపిస్తారు. మొదటి రోజే పూర్తిస్థాయి జీతం రాదు. కానీ పని శుభ్రంగా చేస్తే ఒకరి నోట ఇంకొకరికి మీ పేరు చేరుతుంది.

ఈ వారమే మీ వయొలిన్ బయటికి తీయండి. నాలుగు తీగలూ శ్రుతి చేయడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. పది నిమిషాలు దాటితే, ముందు మార్చాల్సింది మీ సాధన కాదు, బిరడాలే!