కల్పిత శాఖకు కాలోచితమైన ఇంజను
(పేర్ణాంబట్టు రైలు నమూనాను గూర్చిన పరిశీలనము)

పేర్ణాంబట్టునకు రైలుమార్గము లేదు. తోళ్ల వ్యాపారమునకు పేరుపొందిన యీ యూరి సరకు తొలుత ఎడ్లబండ్లమీదను, పిమ్మట లారీలమీదను గుడియాత్తమునకో ఆంబూరునకో పోయి, అచట పెద్దరైలు కట్టను చేరుచుండెడిది. ఇట్టి యూరికి రైలుశాఖ యొకటి వేయబడియుండినచో నదెట్లుండెడిదో యని యూహించి, దానిని బల్లమీద చిన్న నమూనాగా నిర్మింపబూనుట కొందఱకు వినోదమాత్రముగా దోపవచ్చును. కాని యూహకును లెక్క కలదు. మార్గము కల్పితమైనను దానిపై నడచు ఇంజను కల్పితము కారాదు. ఆ కాలమున ఉండినదియు, ఆ గేజికి చెందినదియు, ఆ కట్ట మోయగలిగినదియు నై యుండవలయును. ఈ మూడు నియమములలో నేది తప్పినను, చూడవచ్చిన బాలురు తమ యూరి చరిత్రమును తప్పుగా నేర్చుకొని పోవుదురు.

నమూనా రైలు కట్టువారిలో పెక్కురు మొదట ఇంజనును కొందురు. చిన్ననాట చూచినదో, అంగడిలో కంటికి నచ్చినదో యొకటి తెచ్చుకొని, తరువాత దానికొక స్టేషనును, ఒక వంతెనను, ఒక ఊరిని అమర్తురు. ఇది చొక్కా ముందుగా కుట్టించి, దానికి సరిపడు పెండ్లికొమారుని వెదకుటవంటిది. క్రమము దీనికి విపరీతముగా నుండవలయును. మొదట గేజి, తరువాత సంవత్సరము, ఆపైన కట్ట బలము, కట్టకడపట ఇంజను.

గేజి నిర్ణయమునకు చుట్టుపట్ల నున్న నిజమైన మార్గములను చూడవలయును. దక్షిణదేశమున తొలి రైలు 1856 జూలై 1వ తేదీన మదరాసు రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు నడచెను. ఆ కట్టయే కాట్పాడి, గుడియాత్తము, ఆంబూరుల మీదుగా జోలార్పేట చేరి, 1860ల తొలి యేండ్లలో పడమటి సముద్రతీరమును ముట్టెను. ఇది బ్రాడ్‌గేజి. పట్టాల నడుమ 1676 మిల్లీమీటర్ల యెడము. మదరాసు రైల్వే కంపెనీ చేతినుండి యిందు జోలార్పేట వరకుగల భాగము 1908లో మదరాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చెను. కాట్పాడి వద్ద దీనిని దాటిపోయినది మీటరుగేజి. దక్షిణమున వేలూరు మీదుగా విల్లుపురమునకును, ఉత్తరమున చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికిని అది పోయెడిది. విల్లుపురము వైపు భాగము సౌత్ ఇండియన్ రైల్వేది. 1951 ఏప్రిల్ 14న ఈ కంపెనీలు రెండును మైసూరు రైల్వేతో కలిసి దక్షిణ రైల్వే యయ్యెను.

కావున పేర్ణాంబట్టు శాఖ గుడియాత్తమున మొదలగునన్నచో బ్రాడ్‌గేజియే గతియని తోచును. మీటరుగేజి కాట్పాడి వరకే కలదు. అప్పటికే ఉన్న పెద్దకట్ట ప్రక్కన రెండవ కట్ట వేసి గుడియాత్తమునకు దానిని తెచ్చువాడుండడు. అయినను మూడవ దారి యొకటి కలదు. దానికి సాక్ష్యము ఈ ప్రాంతమునకు దాపుననే యున్నది.

జోలార్పేట దాటి సేలము దిశగా పోవు మార్గమున తిరుపత్తూరు, మొరప్పూరు స్టేషనులు కలవు. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి 1905లోను, మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లోను, రెండున్నర అడుగుల గేజితో చిన్న రైలుమార్గములు తెరువబడెను. ధర్మపురి మార్గము 1913లో తెలుగువారు హెచ్చుగా నివసించు హోసూరు వరకు పొడిగింపబడెను. కఱవుకాలమున ధాన్యము చేరవేయవలెనను ఉద్దేశముతో పుట్టినవి యివి. లాభమును చూచి వేసినవి కావు గనుక తక్కువ ఖర్చులో తేలికపట్టాలతో వేసిరి. మోటారు బస్సులు వచ్చి ప్రయాణికులను లాగికొన్న పిమ్మట ఇవి నిలువలేకపోయెను. కృష్ణగిరి మార్గము ముందును, హోసూరు మార్గము 1941లోను మూతపడెను.

పేర్ణాంబట్టునకును పెద్దకట్టకును నడుమ దూరము ఇరువది కిలోమీటర్లకు అటునిటుగా నుండును. ఊరు చిన్నది, సరకు కొలదిది, వెనుక వేంకటగిరికోట కొండదారి. ఇట్టి యూరికి కంపెనీవారు శాఖ వేయదలచియున్నచో తిరుపత్తూరున వేసినట్టిదే వేసియుందురనుట న్యాయము. అనగా రెండున్నర అడుగుల కట్ట, అనగా 762 మిల్లీమీటర్లు.

ఈ నిర్ణయము బల్లమీద గొప్ప సౌకర్యమును గూర్చును. ప్రపంచమున మిక్కిలి వ్యాప్తిలోనున్న నమూనా కొలత హెచ్.ఓ. అనబడును. ఇందు నిజవస్తువున 87వ వంతు చేయుదురు. ఈ కొలతలో అంగళ్ల దొరకు సామాన్యపు పట్టాల యెడము 16.5 మిల్లీమీటర్లు. దానిని 87చే హెచ్చించినచో 1435 వచ్చును. అది యూరపు గేజి. మన బ్రాడ్‌గేజికి 1676 కావలయును. దాదాపు 240 మిల్లీమీటర్లు తక్కువ. ఆ పట్టాలపై నిలిపిన మన బ్రాడ్‌గేజి ఇంజను సన్నని కాళ్లపై లావుపాటి మనిషివలె కానవచ్చును. సరిగా చేయగోరినచో 19.3 మిల్లీమీటర్ల పట్టాలను చేతితో అమర్చుకొనవలయును. మీటరుగేజికి ఈ చిక్కులేదు. స్విట్జర్లండు మార్గముల నమూనాలకై అమ్మబడు 12 మిల్లీమీటర్ల పట్టాలు 1044కు సమానమై, ఇంచుమించు సరిపోవును. రెండున్నర అడుగులకు 9 మిల్లీమీటర్ల పట్టాలు 783తో సమానము. భేదము 21 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని కన్ను గుర్తింపదు.

ఇరువది కిలోమీటర్లను 87చే భాగించినచో 230 మీటర్లు వచ్చును. అంత బల్ల ఎవ్వరింటను పట్టదు. కావున గుడియాత్తమున సరకు మార్పిడి అరుగు, దారిలో ఒక కాలువ వంతెన, పేర్ణాంబట్టున ముగింపు స్టేషను, ఈ మూడు దృశ్యములతో తృప్తిపడవలయును. సరకు మార్పిడి అరుగు మాత్రము విడువరాదు. రెండు గేజులు కలియుచోట ప్రతి మూటయు కూలీల వీపుమీద ఒక బండినుండి మఱియొక బండికి మారవలసినదే. ఆ అరుగు ప్రక్కన బ్రాడ్‌గేజి పట్టా ఒక్క జానెడు చేతితో అమర్చి, దానిపై ఒక సరకుపెట్టెను కదలకుండ నిలిపినను చాలును.

ఇక సంవత్సరము. పైని నిదర్శనమును బట్టి మన కల్పితశాఖకు ఆయుర్దాయము ఇంచుమించు 1906 మొదలు 1941 వరకు. ఇచ్చటనే పెక్కురి మనస్సు నొచ్చును. ఏలయన వారికి ప్రీతిపాత్రములైన ఇంజనులన్నియు ఆ తరువాత పుట్టినవే. తుపాకిగుండువంటి గుండ్రని మోముతో, దానిపై నక్షత్రముతో ప్రసిద్ధికెక్కిన డబ్ల్యు.పి. తరగతి బ్రాడ్‌గేజి ఇంజను 1947లో అమెరికా బాల్డ్విన్ కర్మాగారము నుండి వచ్చినది. మీటరుగేజి వై.పి. తరగతి 1949లోను, డీజిలు వై.డి.యం.-4 1961లోను వచ్చినవి. వీనిలో నేదియు 1930 నాటి పేర్ణాంబట్టున అడుగుపెట్టజాలదు. గేజి వేఱు, కాలము వేఱు, బరువు మఱియు వేఱు. డబ్ల్యు.పి. యొక్కొక్క ఇరుసుపై పదునెనిమిది టన్నులకు మించిన భారమును మోపును. తేలికపట్టాల చిన్నమార్గములపై ఇరుసునకు అయిదారు టన్నులే మోయగల కట్టలు సామాన్యము. మహారాష్ట్రమందలి బార్శీ చిన్నరైలు 1897లో అయిదు టన్నుల లెక్కమీదనే కట్టబడెను.

అట్లయిన ఏ యింజను తగును? రెండు జాతులు తగును. మొదటిది టాంకు ఇంజను, అనగా వెనుక టెండరు లేక, నీరును బొగ్గును తనమీదనే మోయునది. చిన్నశాఖకు ఇదియే సహజము. ముగింపు స్టేషనులో త్రిప్పుబల్ల లేకున్నను వెనుకకు నడచి రాగలదు. త్రిప్పుబల్ల మానుకొన్నచో బల్లమీద జానెడు స్థలము మిగులును. రెండవది జడ్.బి. అను తరగతి. చక్రముల అమరికను బట్టి దీనిని 2-6-2 అందురు. ముందు రెండు చిన్నచక్రములు, నడుమ లాగు చక్రములు ఆఱు, వెనుక రెండు అని దీని యర్థము. 1920లలో భారత రైల్వేలకు ప్రామాణిక రూపములు నిర్ణయించినపుడు బ్రాడ్‌గేజికి ఎక్స్, మీటరుగేజికి వై, రెండున్నర అడుగులకు జడ్ అను అక్షరములు పెట్టిరి. జడ్.బి. ఇరుసునకు ఆఱు టన్నులు. అయితే నమూనా 1915 నాటిదని ప్రకటించి జడ్.బి. నిలిపినచో తప్పు. 1930 నాటిదన్నచో ఒప్పు.

ఒక ముఖ్యసూత్రమును ఇచ్చట చెప్పవలసియున్నది. శాఖామార్గమున కొత్త ఇంజను అరుదు. ముఖ్యమార్గమున వయసు మీరినవి శాఖలకు దిగివచ్చుట లోకమంతట ఆచారము. బ్రాడ్‌గేజి శాఖను కల్పించువారు గూడ ఇది గమనింపవలయును. 1962 నాటి గుడియాత్తము శాఖయని చెప్పి తళతళలాడు కొత్త యింజనును నిలుపుటకంటె, ఇరువదవ శతాబ్ది తొలి దశకమున బ్రిటిషు ప్రమాణముల ప్రకారము రూపొందిన 0-6-0 సరకు ఇంజనును మసిపట్టించి నిలుపుట సత్యమునకు దగ్గఱ. చిన్నగేజి శాఖలో నీ సూత్రము మఱియొక విధముగా పనిచేయును. దానికి పైనుండి దిగివచ్చు గేజి వేఱొకటి లేదు గనుక, మొదటినాడు కొన్న ఇంజనులే కడపటినాటి వరకు నడచును. కావున 1935 నమూనాలోనైనను ఇంజను ముప్పదియేండ్ల ముసలిది కావలయును. రంగు నలుపు. ఇత్తడి భాగములు మెఱయవచ్చును, పొగపెట్టె మాత్రము మెఱయరాదు.

9 మిల్లీమీటర్ల పట్టాలు కొన్నవారిని ఆకర్షించునది డార్జిలింగు ఇంజను. 1889 మొదలు నడచిన ఆ నాలుగు చక్రముల బి తరగతి ఇంజను అందమైనదే. కాని దాని గేజి రెండడుగులు, దాని ఊరు హిమాలయము. అట్లే వేంకటగిరికోట కొండదారిని చూచి నీలగిరి పళ్లచక్రపు ఇంజనును తెచ్చి ఎక్కింపగోరువారును కలరు. ఆ ఎక్స్ తరగతి ఇంజను మేట్టుపాళయము కొండకట్టకై స్విట్జర్లండున చేయబడినది, మీటరుగేజిది. పేర్ణాంబట్టు శాఖ కొండ యెక్కదు, కొండమొదట ఆగిపోవును.

ఇంజను వెనుక నేమి కట్టవలయుననుట దీనితో ముడిపడిన ప్రశ్నయే. ఊరి వృత్తి తోళ్లు ఊనుట. పూర్వము దక్షిణదేశపు తోళ్లకు తంగేడు చెక్కయు కరక్కాయయు ప్రధానములు. కావున పైకి వచ్చు బండిలో తంగేడు చెక్క కట్టలు, కరక్కాయ గోతాలు, ఉప్పుమూటలు, పచ్చితోళ్లు. దిగిపోవు బండిలో ఊనిన తోళ్ల బేళ్లు. వీనికి మూతపెట్టెలు రెండు, తెఱపిపెట్టెలు రెండు చాలును. జనమునకు మూడవ తరగతి పెట్టె యొకటి. వేగము లేని బండి, సగము సరకు, సగము జనము. ఇట్టిదానిని లాగుటకు చిన్న టాంకు ఇంజను ఎక్కువేగాని తక్కువ కాదు.

వై.పి. ఇంజనును ఎంతమాత్రమును విడువజాలని వారికొక దారి కలదు. వారు పేర్ణాంబట్టును విడిచి, కాట్పాడి నుండి వేలూరు కంటోన్మెంటు వరకుగల నిజమైన మీటరుగేజి ముక్కను ఎంచుకొనవలయును. నడుమ పాలారు వంతెన, దానిక్రింద నీరుకంటె ఇసుకయే హెచ్చు. ఇచ్చట 1962 వంటి సంవత్సరము తగును. ప్రయాణికుల బండికి వై.పి., సరకుకు 2-8-2 వై.జి., తేలికపనికి 1952 నుండి వచ్చిన వై.ఎల్. వై.పి. లాగు చక్రము 1372, వై.జి.ది 1219, వై.ఎల్.ది 1092 మిల్లీమీటర్లు. నమూనాలో క్రమముగా 15.8, 14, 12.6 మిల్లీమీటర్లు. విదేశపు ఇంజను అడుగుభాగమును కొని, పైభాగమును చేతితో చేసికొనువారు మొదట కొలువవలసినది ఈ చక్రమునే. పైభాగమును ఎప్పుడైనను దిద్దవచ్చును, చక్రమును దిద్దుట దుర్లభము. పెట్టెలమీద మూడవ తరగతి గుర్తు ఉండవలయును, ఏలయన ఆ పేరు 1974 వరకు కలదు. డీజిలు 1961లో దేశమునకు వచ్చినదను సాకుతో 1962 నాటి వేలూరున దానిని నిలుపరాదు.

ఈ ముక్కకు మఱియొక విలువ గలదు. 1992లో గేజులన్నిటిని ఒకటి చేయు పథకము ఆరంభమైన పిమ్మట, ఈ మీటరుగేజి కట్ట 2010 నాటికి బ్రాడ్‌గేజిగా మారిపోయెను. ఆ చిన్నబండిలో వేలూరు నుండి తిరుపతి కొండకు తలనీలాలిచ్చుటకు పోయినవారు తెలుగిండ్లలో నేటికిని కలరు. వారిలో పెద్దవారికి ఆవిరి ఇంజనును, తరువాతివారికి డీజిలును జ్ఞాపకము. ఇరువురి జ్ఞాపకమును ఒకే బల్లమీద కలిపినచో ఎవ్వరి జ్ఞాపకమును నిలువదు. అందుచే వారిని ప్రశ్నించునపుడు, ఇంజను ఎట్లుండెనని కాక, మీరు పోయినది మొదటిబిడ్డ పుట్టువెండ్రుకలకా, రెండవబిడ్డ పుట్టువెండ్రుకలకా యని యడుగవలయును. బిడ్డ యేడు తెలిసినచో బండి యేడు తెలియును, ఆపైన ఇంజనును వెదకుకొనవచ్చును.