వజ్రం దొరికినోడి వీడియో చూశాం సరే, దొరకనోడి సంగతేంది?

ఈ ఎపిసోడ్ మా ఒంటిమిట్టలోనే షూట్ చేస్తున్నా. నా వెనకాల కనబడుతోందే, అది కోదండరామస్వామి గుడి గాలిగోపురం. 1652లో ఫ్రాన్స్ దేశం నుంచి వచ్చిన ఒకాయన ఈ గుడిని చూసి తెగ మెచ్చుకున్నాడు. పేరు టావెర్నియర్. ఒంటిమిట్ట మీద మీరు ఏ వీడియో చూసినా ఈ పేరు ఒకసారి వస్తుంది. కానీ ఆయన ఇంత దూరం ఏం పని మీద వచ్చాడు అనేది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆయన వజ్రాల వ్యాపారి ఫ్రెండ్స్. అప్పుడు గండికోటలో ఉన్న మీర్ జుమ్లాను కలవడానికి పోతున్నాడు. ఆ టావెర్నియర్‌కీ, పోయిన జూన్‌లో మా బావ పోగొట్టుకున్న 18,500 రూపాయలకీ ఒక లింక్ ఉంది. ఈ రోజు టాపిక్ అదే.

మా బావ అంటే మా మేనమామ కొడుకు. కడపలో బైక్ మెకానిక్. పేరు చెప్పొద్దన్నాడు, జరిగింది మాత్రం చెప్పుకోమన్నాడు. జూన్‌లో ఒక రాత్రి నాకు ఒక రీల్ పంపించాడు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర చేలో ఎవరికో వజ్రం దొరికిందంట, లక్షలు వచ్చాయంట. కింద "పోదాం పారా" అని మెసేజ్. నేను నవ్వి ఊరుకున్నా. ఆయన మాత్రం షాపులో పది రోజులు సెలవు చెప్పి, కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా బండేసుకుని పోయినాడు.

రెండు రోజులకి నేనూ పోయినా, వీడియో తీద్దామని. అక్కడ సీన్ చూస్తే నిజంగా జాతరే. కర్ణాటక నుంచి కూడా జనాలు. చెట్ల కింద పడకలు, పక్కనే వంటలు. పిల్లాజెల్లా అందరూ తలకాయ కిందికేసుకుని, ఒక్కో అడుగు వేస్తా నేలనే చూస్తా నడుస్తున్నారు. వేరుశెనగ విత్తిన రైతులేమో "మా చేను తొక్కొద్దు సామీ" అని మొత్తుకుంటున్నారు.

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. అసలు వజ్రాలు అక్కడే ఎందుకు? వానాకాలంలోనే ఎందుకు?

వజ్రం అంటే వేరే ఏం లేదు, కార్బన్. పొయ్యిలో బొగ్గు ఏదో, పెన్సిల్ ములుకు ఏదో, ఇదీ అదే. కాకపోతే భూమి లోపల సుమారు 150 కిలోమీటర్లు, ఇంకా లోతున, భయంకరమైన ఒత్తిడిలో, వేడిలో తయారైంది. అంత లోతు నుంచి పైకి ఎట్లొచ్చింది? కొన్ని రకాల అగ్నిపర్వతాలు పేలినప్పుడు లోపలి రాయి గొట్టంలాంటి దారిలో పైకి తన్నుకొస్తుంది. ఆ రాయిని కింబర్లైట్ అంటారు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ అని ఊరుంది, దాని పేరే పెట్టారు. మన దగ్గర అట్లాంటి గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్నాయి. ఊరి పేరులోనే వజ్రం ఉంది చూడండి.

ఆ గొట్టాలు వంద కోట్ల ఏళ్ల కిందటివి. ఎండకి, వానకి పైరాయి అరిగిపోయింది. వాగులు, వంకలు ఆ మట్టిని ఎటెటో తీసుకుపోయాయి. దాంతోపాటు వజ్రాలూ పోయాయి. బనగానపల్లె దగ్గర గులకరాళ్లు గట్టిపడి ఏర్పడిన పాత రాతి పొరల్లో వజ్రాలు దొరికేవి. మా కడప పక్కన చెన్నూరు దగ్గర పెన్న ఒడ్డున కూడా ఒకప్పుడు తవ్వేవాళ్లు.

ఇంక వాన సంగతి. వజ్రం నీళ్లకంటే మూడున్నర రెట్లు బరువు. మామూలు పలుగురాయి రెండున్నర రెట్లు చిల్లర. దుక్కి దున్నిన చేలో పెద్ద వాన పడితే మెత్తటి మట్టి కొట్టుకుపోతుంది, బరువైన రాళ్లు అక్కడే మిగిలి బయటపడతాయి. పైగా దుమ్ము కడిగేసినట్టు అవుతుంది కాబట్టి మెరుపు తెలుస్తుంది. అంటే "తొలకరికి వజ్రాలు పండుతాయి" అనేది పూర్తిగా కట్టుకథ కాదు. దాంట్లో లాజిక్ ఉంది. దొరుకుతున్న మాట కూడా నిజమే. దాదాపు ప్రతి ఏడూ పేపర్లో వస్తూనే ఉంటుంది.

మరి సమస్య ఎక్కడుంది? లెక్కలో ఉంది.

ఇప్పుడు మన టావెర్నియర్ దగ్గరికి పోదాం. గండికోటలో మీర్ జుమ్లా ఆయనకి ఐదు చిన్న సంచులు చూపించాడంట. నిండా వజ్రాలే. వినడానికి భలే ఉంది కదా. కానీ టావెర్నియర్ రాసుకున్నది పూర్తిగా చదివితే దిమ్మ తిరుగుతుంది. మీర్ జుమ్లా ఈ సీమను గెలిచాక 12,000 మందిని పెట్టి ఏడాది పొడుగునా తవ్విస్తే వచ్చింది ఆ ఐదు చిన్న సంచులే. వాటిలో ఎక్కువ భాగం ఒక క్యారెట్టు, అర క్యారెట్టు రాళ్లు, అవీ నల్లగా ఉన్నాయంట. క్యారెట్టు అంటే ఎంతో తెలుసా? గ్రాములో ఐదో వంతు. చివరికి మీర్ జుమ్లా ఇది దండగ పని అని తేల్చుకుని, గనులు మూయించి, ఆ జనాలందరినీ పోయి సేద్యం చేసుకోండని పంపించేశాడు.

అర్థమైందా? సైన్యం, అధికారం, 12,000 మంది కూలీలు ఉన్నోడే నష్టమని ఆపేశాడు. మనం ఒక చీపురు పుల్ల, ఒక వాటర్ బాటిల్ పట్టుకుని పోతున్నాం.

అదే టావెర్నియర్ కృష్ణా ఒడ్డున కొల్లూరు గనికి కూడా పోయినాడు. అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఇంకో చోట తవ్వే కూలీల గురించి రాస్తూ, వాళ్లకి ఏడాదికి వచ్చేది మూడు వరహాలేనని చెప్పాడు. వజ్రం రేటు ఎట్లా లెక్కగట్టాలో కూడా ఆయన పుస్తకంలో ఉంది. ఒక క్యారెట్టు ధర 150 అనుకోండి. 12 క్యారెట్ల మంచి రాయి ఎంత? 12 సార్లు 150 కాదు. 12ని 12తో గుణించి, అంటే 144ని, 150తో గుణించాలి. 21,600. రాయి పెద్దదయ్యే కొద్దీ రేటు అట్లా ఎగిరిపోతుంది. అంటే మొత్తం డబ్బు ఏదో ఒకటీ అరా పెద్ద రాయిలోనే ఉంటుంది, మిగతా వాళ్లందరి చేతిలో చిల్లర. లాటరీకి దీనికి పెద్ద తేడా లేదు.

రీల్స్‌లో ఇది కనబడదు ఫ్రెండ్స్. వజ్రం దొరికినోడి మీద వంద వీడియోలు వస్తాయి. పది రోజులు ఎండలో తిరిగి, జ్వరం తెచ్చుకుని, ఉత్త చేతులతో ఇంటికి పోయినోడి మీద ఒక్క వీడియో రాదు. గెలిచినోళ్లే కనబడి, ఓడినోళ్లు కనబడకపోతే, మనకి అందరూ గెలుస్తున్నట్టే అనిపిస్తుంది. షేర్ మార్కెట్ టిప్స్ దగ్గర, బెట్టింగ్ యాప్‌ల దగ్గర జరిగే మాయ కూడా ఇదే.

మరి డబ్బు ఎవరికి? 1848లో అమెరికాలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. శామ్ బ్రానన్ అని ఒక వ్యాపారి ఆ వార్తని శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో అరుస్తూ చాటాడు. ఎందుకంటే తట్టలు, పారలు అమ్మే అంగడి ఆయనదే! బంగారం తవ్వినోళ్ల కంటే ఆయన ముందు కోటీశ్వరుడయ్యాడు. 1853లో అదే ఊరికి వచ్చి బట్టల వ్యాపారం పెట్టిన లీవై స్ట్రాస్ పేరు మీ జీన్స్ వెనకాల ఇప్పటికీ ఉంది. జొన్నగిరిలో నేను చూసిందీ అంతే. టీ బంకు ఖాళీ లేదు, ఆటోలు ఖాళీ లేవు. నిజం చెప్పాలంటే, వీడియో తీయడానికి పోయిన నేను కూడా ఆ లిస్టులోనే ఉన్నా.

ఇప్పుడు మా బావ కథ. ఆరో రోజు ఆయనకి ఒక రాయి దొరికింది. బఠాణీ గింజంత, తెల్లగా, అద్దంలా ఉంది. చేతులు వణికాయంట. ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకుని, ఒక వీడియో కింద కనబడిన నంబరుకి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఐదు నిమిషాల్లో రిప్లై. "అన్నా, ఒరిజినల్, 14 లక్షలు వస్తుంది. టెస్టింగ్, సర్టిఫికెట్‌కి 6,500 వేయి." వేశాడు. మరుసటి రోజు "కొరియర్ ఇన్సూరెన్స్ 12,000." అదీ వేశాడు. ఆ తర్వాత నంబర్ స్విచాఫ్.

ఈ ఇన్సూరెన్స్ మాట మీద ఇంకో విచిత్రం చెప్తా. టావెర్నియర్ మన దేశం నుంచి ఒక నీలం వజ్రం తీసుకుపోయి 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. కొల్లూరుదే అని చాలామంది నమ్మకం. దాన్ని కోసి, మళ్లీ కోసి, చివరికి మిగిలిందే 45.52 క్యారెట్ల హోప్ డైమండ్. 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఎట్లా పంపించాడో తెలుసా? మామూలు రిజిస్టర్డ్ పోస్టులో! పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్‌తో కలిపి ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. గమనించండి, పంపించేవాడు పోస్టాఫీసుకి కట్టి రసీదు తీసుకున్నాడు. మీ రాయి కొంటా అన్నోడు మీ దగ్గరే డబ్బు అడిగితే, అక్కడే ఫోన్ పెట్టేయండి.

బావ మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి. అక్క గొలుసు తాకట్టు పెట్టిన విషయం బయటపడినాకే మాకు తెలిసింది. అప్పుడు 1930కి ఫోన్ చేయించినా. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు పోయిన గంటల్లో చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపే ఛాన్స్ ఉంటుంది. మూడు వారాల తర్వాత చేస్తే కంప్లైంట్ నంబర్ వస్తుంది, అంతే.

తర్వాత కడపలో తెలిసిన నగల షాపాయన దగ్గరికి రాయి తీసుకుపోయినాం. పెన్నులాంటి టెస్టర్ పెట్టాడు, ఉలుకూ పలుకూ లేదు. వజ్రం వేడిని చాలా స్పీడుగా లాగేసుకుంటుంది, ఆ పెన్ను చూసేది అదే. "పలుగురాయి నాయనా" అన్నాడు. పైసా తీసుకోలేదు.

మీకూ ఎప్పుడైనా రాయి దొరికితే రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, సానబట్టని వజ్రం నగలోలాగా తళతళలాడదు, నూనె పూసిన పటిక ముక్కలాగా ఉంటుంది. అద్దంలా మెరిసిపోతోందంటే ముందు అనుమానించాల్సిందే. రెండు, సుత్తితో కొట్టి చూడొద్దు. వజ్రం మీద గీత పడదు కానీ, దెబ్బకి పగులుతుంది. గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు.

బావ ఇప్పుడు మళ్లీ షాపుకి పోతున్నాడు. గొలుసు ఇంకా విడిపించలేదు. ఆ రాయిని మాత్రం పారేయలేదు, టూల్ బాక్సులో పెట్టుకున్నాడు. "ఎందుకు బావా?" అంటే, "మళ్లీ జూన్ వస్తుంది గదరా, అప్పుడు చూసుకోవడానికి" అన్నాడు.

ఈ ఎపిసోడ్ ఇంతే ఫ్రెండ్స్. తొలకరికి జొన్నగిరి పోదామని బ్యాగ్ సర్దుకునే ఫ్రెండ్ మీకు ఉంటే, వాడికి ఇది పంపండి. పోవద్దని కాదు, ఎవరికీ డబ్బు వేయొద్దని. ఉంటా మరి, ఒంటిమిట్ట నుంచి, నమస్తే.