అప్‌డేట్ చేస్తే ఫోన్ ఖరాబైతదా?

నల్లగొండ జిల్లాలో పత్తి అమ్మకం ఇప్పుడు కాంటా దగ్గర కాదు, ఫోన్ దగ్గర మొదలవుతోంది. 2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రానికి పత్తి తీసుకుపోవాలంటే ముందుగా కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. పీఎం కిసాన్ ఈ-కేవైసీ, ఉపాధి హామీ పనిలో మేటు తీసే హాజరు ఫొటో, కిరాణా కొట్టులో స్కాన్ చేసే పైసలు, పుణెకు వలసపోయిన కొడుకు నెలనెలా వేసే డబ్బు, అన్నీ ఆ అరచేతి డబ్బాలోనే. అందుకే తెర మీద "సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అని కనబడగానే, దేవరకొండలోనైనా నారాయణపేటలోనైనా చాలామంది "తర్వాత" అని ఒత్తి ఊరుకుంటారు. నడుస్తున్న ఫోన్‌ను కదిలించడం ఎందుకు, ఖరాబైతే ఎవరు జిమ్మేదారీ అన్నది వాళ్ల లెక్క.

ఈ భయాన్ని తెలివితక్కువతనం అనలేం. 2023, 24 సంవత్సరాల్లో కొన్ని ఖరీదైన ఫోన్లకు అప్‌డేట్ వేసుకున్న తర్వాత తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడిందని దేశమంతటా గోల పుట్టింది. కొన్ని కంపెనీలు ఉచితంగా తెర మార్చి ఇచ్చాయి కూడా. అలాంటి సంగతి ఊళ్లో ఒక్కరికి జరిగితే చాలు, పది మందికి బెదురు పుడుతుంది. కానీ అప్‌డేట్ వేసుకోనందువల్ల జరిగే నష్టం ఇలా గీతలా కంటికి కనబడదు, దాన్ని గురించి ఎవరూ చెప్పుకోరు. అదీ తేడా.

నష్టం ఎలా ఉంటుందో చూడటానికి మన అక్షరమే ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు 'జ్ఞా' అనే తెలుగు అక్షరాన్ని చూసి కూలబడ్డాయి. మనం రోజూ రాసే మామూలు 'జ్ఞానం' వల్ల కాదు. ఆ అక్షరం లోపల, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరితే దాన్ని తెర మీద ఎలా గీయాలో ఐఫోన్‌కు తెలియలేదు. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయి లేచి, మళ్లీ పడేది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆకతాయితనానికి దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఈ సంగతిని మనకంటే ముందు ఇటలీలోని ఒక మొబైల్ వెబ్‌సైట్ బయటపెట్టడం ఇంకో విడ్డూరం. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే చిన్న అప్‌డేట్ వదిలి దాన్ని సరిచేసింది. ఆ అప్‌డేట్‌లో కొత్త రంగులు, కొత్త కెమెరా ఏమీ లేవు. అది వేసుకున్న ఫోన్ బతికింది, వేసుకోని ఫోన్ ఎవరో ఒకరి ఆకతాయి మెసేజ్ దయమీద నడిచింది.

ఆండ్రాయిడ్‌లోనూ నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ ఇలాంటిదే. సైజు తక్కువ, పైకి మార్పు ఏమీ కనబడదు. దీనికి వెనకాముందు ఆడాల్సిన పనిలేదు, వచ్చిన వారంలో వేసుకోవచ్చు. ఆలోచించి చేయాల్సింది పెద్దది: ఆండ్రాయిడ్ 14 ఉన్న ఫోన్ 15కు, 15 ఉన్నది 16కు మారే అప్‌డేట్. మెనూలు మారతాయి, గుర్తుల రూపం మారుతుంది. నచ్చలేదని మళ్లీ పాతదానికి రావడం మామూలు మనిషి చేయగలిగిన పని కాదు, వచ్చినా ఫోన్‌లోని సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇది పక్కింటాయనకు వచ్చి మీకు రాకపోతే కంగారు పడకండి. గూగుల్ తయారుచేసినదాన్ని చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ తమ మోడల్‌కు తగ్గట్టు సర్దుకుని, ముందు కొద్దిమందికి ఇచ్చి, లోపాలేమీ కనబడకపోతే మిగతావాళ్లకు వదులుతాయి. వారం పది రోజులు ఆలస్యంగా రావడం ఒకరకంగా మనకే మేలు.

పెద్ద అప్‌డేట్‌కు ముందు అందరూ "బ్యాకప్ తీసుకోండి" అంటారు. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది? ఫోన్ కొన్నరోజు షాపు అబ్బాయి తనకు తోచిన పేరుతో ఒక మెయిల్ సృష్టించి, ఏదో పాస్‌వర్డ్ పెట్టి, "అయిపోయింది అన్నా, తీసుకపో" అని చేతిలో పెట్టి ఉంటాడు. ఆ పాస్‌వర్డ్ ఆయనకూ గుర్తుండదు, మీకసలే తెలియదు. ఫోన్ నడిచినన్నాళ్లూ దానితో పనిపడదు. ఎప్పుడైనా ఫోన్ మొండికేసి, ఎవరో పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి పట్టి రీసెట్ కొడితే మాత్రం లేచాక అది మొట్టమొదట అడిగేది ఆ పాత మెయిల్, పాస్‌వర్డే. దొంగల చేతిలో పడ్డ ఫోన్ పనికిరాకుండా ఉండాలని 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన తాళం ఇది. దొంగతోపాటు అసలు యజమానీ బయటే ఉండిపోతాడు.

కాబట్టి ఈ పని ముందు చేయండి. సెట్టింగ్స్‌లో గూగుల్ అన్నచోట పైన కనబడే మెయిల్ పేరు కాగితం మీద రాసుకోండి. ఫోన్ బాగున్నప్పుడే, మీ సిమ్ అందులో ఉన్నప్పుడే పాస్‌వర్డ్ మార్చుకుని, రికవరీ నంబరుగా మీ నంబరు ఇవ్వండి. ఆ కాగితం పట్టా పాస్‌బుక్కు ఉన్న బీరువాలోనే ఉండాలి, ఫోన్ కవరు వెనకాల కాదు. ఆ తర్వాత వాట్సాప్ చాట్లు, ఫొటోలు ఆ ఖాతాలోకి బ్యాకప్ చేయండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అది చాలకపోతే పిల్లల ఫొటోలు, భూమి కాగితాల ఫొటోలు ఇంకొకరి ఫోన్‌కో పెన్ డ్రైవ్‌కో ఎక్కించండి.

ఫోన్‌లో ఖాళీ జాగా సంగతి తేలికే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అన్నచోటికి వెళ్తే ఏ గ్రూపు ఎంత జాగా మింగిందో పెద్దది పైన, చిన్నది కింద చూపిస్తుంది. శుభోదయం వీడియోలు తీసేస్తేనే సగం పని అయిపోతుంది.

డేటా దగ్గర ఇంకో చిక్కు ఉంది. పెద్ద అప్‌డేట్ రెండు, మూడు జీబీలు ఉండటం మామూలే. రోజుకు జీబీన్నర, రెండు జీబీల ప్యాక్ ఉన్నవాళ్లకు అది సగంలోనే చతికిలపడుతుంది. రోజువారీ డేటా సాధారణంగా అర్ధరాత్రి 12కు కొత్తగా మొదలవుతుంది కాబట్టి, 11 దాటాక డౌన్‌లోడ్ పెడితే ఈరోజు మిగిలిందీ రేపటిదీ రెండూ కలిసొస్తాయి. మధ్యలో ఆగినా నష్టం లేదు, ఆగినచోటు నుంచే మళ్లీ అందుకుంటుంది. ఇంటి పక్కన వైఫై ఉన్నవాళ్లను అడగటానికి మొహమాటం లేకపోతే ఈ తిప్పలే ఉండవు.

ఇక అసలు ఘట్టం, ఇన్‌స్టాల్. 2016లో ఆండ్రాయిడ్ 7తో గూగుల్ ఒక మంచి పద్ధతి తెచ్చింది. ఒక పోర్షన్‌లో కాపురం ఉంటూనే పక్క పోర్షన్‌కు సున్నం వేయించినట్టు, మీరు ఫోన్ వాడుతుండగానే కొత్త వెర్షన్ లోపల వేరే చోట సిద్ధమవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఫోన్ అందులోకి మారుతుంది. కొత్తది సరిగా లేవకపోతే తనంతట తానే పాతదానికి తిరిగి వస్తుంది. ఈ రకం ఫోన్లలో అప్‌డేట్ వల్ల ఫోన్ పూర్తిగా చచ్చిపోయే ప్రమాదం చాలా తక్కువ. అన్ని కంపెనీలూ దీన్ని వెంటనే తీసుకోలేదు. సామ్‌సంగ్ తన ఫోన్లలో 2024లో ఏ55తో గానీ మొదలుపెట్టలేదు. పాత పద్ధతిలో ఫోన్ ఆరిపోయి, నల్లటి లేక నీలం తెర మీద శాతాలు పెరుగుతూ పావుగంట, అరగంట అలాగే ఉంటుంది. ఆ సమయంలో పవర్ బటన్ ఒత్తకపోవడమే మీరు చేయాల్సిన పని. చార్జింగ్ సగానికి పైన ఉండాలి, వైరు పెట్టి ఉంటే ఇంకా మంచిది. రాత్రి తిన్న తర్వాత పెట్టుకోండి. పత్తి స్లాట్ బుక్ చేసే రోజు, బస్సెక్కి బొంబాయి పోయే రోజు పొద్దున మాత్రం దాని జోలికి పోవద్దు.

తెల్లారి ఫోన్ వేడిగా ఉందనో, చార్జింగ్ తొందరగా దిగిందనో, మెల్లగా నడుస్తుందనో అనిపిస్తుంది. అది ఖరాబు కాదు. ఉన్న యాప్‌లన్నింటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు లోపల సర్దుకుంటోంది. ఒకటి రెండు రోజుల్లో కుదురుకుంటుంది. ఈలోగా షాపుకు పోతే "రీసెట్ కొడదాం" అనే మాట వినబడుతుంది. ఒప్పుకోకండి. ప్లే స్టోర్‌లో యాప్‌లన్నీ అప్‌డేట్ చేసి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఫోన్‌పే నుంచి రూపాయి పంపి చూడండి, ఒక ఓటీపీ తెప్పించి చూడండి. ఆ రెండూ నడిస్తే మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

సిస్టమ్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోనే వస్తుంది, వాట్సాప్‌లో రాదు. పీఎం కిసాన్ పేరుతోనో, బండి చలాన్ పేరుతోనో, బ్యాంకు యాప్ కొత్త వెర్షన్ అనో ఏపీకే అనే ఫైలు వస్తే అది మీ మెసేజ్‌లు, ఓటీపీలు చదవడానికి వచ్చిన దొంగ. తెలిసిన మనిషి నంబరు నుంచి వచ్చినా సరే, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. పొరపాటున ఒత్తితే ముందు నెట్ ఆఫ్ చేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ 1930కీ ఫోన్ చేయండి.

అప్‌డేట్లే రాని ఫోన్ల సంగతి వేరు. వాటిలో వెతికితే "మీ ఫోన్ తాజాగా ఉంది" అనే చెబుతుంది. కంపెనీ మూడేళ్ల కిందటే చేతులు దులుపుకున్నా అదే మాట. దాన్ని నమ్మకుండా సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాని కింద ఆండ్రాయిడ్ వెర్షన్ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఆండ్రాయిడ్ 10, ఆపైన ఉన్నవాటిలో అక్కడే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని ఇంకోటి ఉంటుంది. కంపెనీ వదిలేసిన ఫోన్లకు కూడా కొన్ని మరమ్మతులు ఆ దారిలో రావచ్చు కాబట్టి దాన్ని ఒత్తి చూడండి. మహబూబ్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో సెకండ్ హ్యాండ్ ఫోన్ బేరమాడేటప్పుడు కూడా గీతలు, బ్యాటరీ చూసేముందు ఆ తేదీ తీసి షాపాయనకు చూపించండి. రెండేళ్ల కిందటే ఆగిపోయి ఉంటే ధర తగ్గించి అడగడానికి అంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.