నూరడం, రుబ్బడం, విసరడం: సెలవుల్లో పిల్లలతో చేతి పనులు



త్రైమాసిక పరీక్షలు ముగుస్తున్నాయి. సెలవులకు ఏం హోంవర్కు ఇస్తారని కొందరు తల్లులు అప్పుడే అడుగుతున్నారు. ఈసారి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా నోటుపుస్తకం నింపే పని తగ్గించాం. దానికి బదులు ఇంట్లో చేత్తో చేసే పనులు రెండు ఇస్తున్నాం. ఒకటి తినేది, ఒకటి చేసి దాచుకునేది. ఎందుకిచ్చాం, ఎలా చేయాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కాస్త పొడుగే, తీరిగ్గా చదవండి.

ఈ మధ్య నాలుగో తరగతిలో తెలుగు పాఠం చెబుతూ వంటింటి పనుల పేర్లు అడిగాను. దోసెల పిండికి నానబెట్టిన బియ్యాన్ని ఏం చేస్తారు? "గ్రైండ్ చేస్తారు సార్." అల్లం, వెల్లుల్లి? "గ్రైండ్ చేస్తారు." రాగులు? "మిషన్లో గ్రైండ్ చేస్తారు." ఎండుమిరపకాయలు? అదే జవాబు. ఒక్క అమ్మాయి మాత్రం "మా అవ్వ దంచుతుంది సార్" అంది.

నిజానికి ఇవి నాలుగు వేర్వేరు పనులు. తిరగలిలో పొడి గింజలు పోసి తిప్పితే అది విసరడం. నానిన బియ్యం, మినప్పప్పు రుబ్బురోల్లో వేసి, నీళ్లు చల్లుతూ పొత్రం తిప్పితే రుబ్బడం. సన్నికల్లు మీద ఇంత అల్లమో, కొబ్బరో పెట్టి రాతితో ముందుకూ వెనక్కూ లాగితే నూరడం. రోట్లో వేసి రోకలితో పోట్లు వేస్తే దంచడం. చెయ్యి కదిలే తీరు వేరు, చప్పుడు వేరు, చివరికి వచ్చే పిండి కూడా వేరు. అందుకే మాట వేరు. మిక్సీ వచ్చాక నాలుగు పనులూ ఒక మీట తిప్పడంతో అయిపోయాయి. పని ఒకటే అయినప్పుడు పిల్లవాడికి మాట కూడా ఒకటే మిగిలింది. ఇందులో పిల్లల సోమరితనం ఏమీ లేదు, తల్లుల తప్పూ లేదు. మిక్సీ మానేయమని నేను చెప్పను. పొద్దున్నే సిప్‌కాట్ షిఫ్టు బస్సు అందుకోవాల్సిన ఇంట్లో రుబ్బురోలు ముందు కూర్చోమనడం అన్యాయం గదా!

అయినా నష్టం నష్టమే. మన హోసూరు పిల్లల చెవిన తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ పడతాయి. అది అదృష్టమనే అంటాను. 2006 నాటి చట్టం వచ్చాక తమిళం అందరూ చదవాల్సిందే. పదో తరగతి పరీక్షలో మన పిల్లల సంగతేమిటన్నది వేరే చర్చ, ఇక్కడ ఎత్తను. నేను చెప్పేది చిన్న సంగతి. తెలుగు పుస్తకం బడిలో మేము చదివిస్తాం. చాట, జల్లెడ, రోలు చుట్టూ ఉన్న మాటలు మాత్రం పుస్తకంలోకి కొన్నే ఎక్కుతాయి. ఎక్కినవి కూడా నిలవవు. బొమ్మ చూసి బట్టీపట్టిన 'చెరగడం' పరీక్ష అయిన మర్నాడే పోతుంది. చాట చేత్తో పట్టుకుని, పొట్టు తన మొహాన పడేలా ఒకసారి చెరిగిన పిల్లవాడు ఆ మాట మర్చిపోడు.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీగారు చేతి పని ద్వారానే చదువు సాగాలన్నారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో చిన్న పిల్లలకు అక్షరాల కంటే ముందు ఇచ్చేవి ఇంటి పనులే: ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒలకకుండా పోయడం, గింజలు వేరు చేయడం, ఊడవడం, గుడ్డ మడతపెట్టడం. పెన్సిలు పట్టాల్సిన మూడు వేళ్లు అక్కడే తయారవుతాయి.

మొదటి పని: రాగి కేకు

కేకు అనగానే అది బేకరీ వాళ్లది, మనది కాదు అనుకుంటాం. కోస్తా జిల్లాల్లో దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో పెద్దల్ని అడగండి. మందపాటి మూకుట్లో పిండి పోసి, మూతపెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కిందనుంచీ పైనుంచీ వేడి తగలాలన్నమాట. ఓవెన్ చేసే పనీ అదే. కాబట్టి ఓవెన్ లేదని ఎవరూ వెనకాడనక్కర్లేదు.

కావలసినవన్నీ ఒకే గ్లాసుతో కొలవండి. గోధుమపిండి ఒక గ్లాసు, రాగిపిండి అర గ్లాసు, మెత్తగా తురిమిన బెల్లం ఒక గ్లాసు, కాస్త పులిసిన పెరుగు ఒక గ్లాసు, నూనె అర గ్లాసుకు తక్కువ. వంటసోడా అర టీస్పూను, బేకింగ్ పౌడరు ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకులు. పాలు కొద్దిగా దగ్గర పెట్టుకోండి.

పిండ్లు, సోడా, పౌడరు, ఉప్పు కలిపి పిల్లల చేత రెండుసార్లు జల్లించండి. సోడా ఒకచోట ఉండలు కట్టకుండా ఉండటానికి ఇది. ఏలకులు వాళ్లే దంచాలి. వేరే గిన్నెలో పెరుగు, బెల్లం, నూనె వేసి బెల్లం కరిగేదాకా చిలకమనండి. అప్పుడు పొడి పిండి అందులో పోసి, తడి తగిలేంతవరకే కలపాలి. గట్టిగా ఉంటే పాలు చిలకరించండి. గరిటె ఎత్తితే పిండి తెగిపడకుండా నాడాలా జారాలి. నూనె రాసి, పిండి చల్లిన గిన్నెలో సగం పైకి మాత్రమే పోయండి. పొంగడానికి చోటుండాలి.

కాల్చడానికి పాత మందపాటి గిన్నె ఒకటి చాలు. చాలామంది కుక్కరు వాడతారు గానీ, నీళ్లు లేకుండా అంతసేపు మంట మీద పెడితే కుక్కరు పాడవుతుంది, అది నాకు నచ్చదు. గిన్నె అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక లేదా ఉప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. ఇసుక వేడిని సమంగా పంచుతుంది, అడుగు మాడనివ్వదు. తరువాత కేకు గిన్నె లోపల పెట్టి, సన్న సెగ మీద నలభై నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. ఆ ఉప్పు మళ్లీ కూరల్లో వాడొద్దు, ఇంకో కేకుకు దాచుకోండి.

ఇక ఐదు నుంచి పై తరగతుల పిల్లలకు. కేకు ఎందుకు పొంగింది? వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లం. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఆ బుడగలే కేకును పైకి లేపుతాయి. బుడగల్ని పట్టి ఉంచేది గోధుమలోని గ్లూటెన్ అనే జిగట. రాగుల్లో అది లేదు. అందుకే ఉత్త రాగిపిండితో చేస్తే కేకు కుదించుకుపోయి ఇటుకలా ఉంటుంది, గోధుమపిండి కలపాల్సి వచ్చింది. ఎక్కువసేపు కలిపితే జిగట ముదిరి కేకు సాగుతుంది. ముందే మూత తీసి చూస్తే చల్లగాలి తగిలి, ఇంకా గట్టిపడని పిండి కూలిపోతుంది. (ఈ తొందర పిల్లల కంటే నాన్నలకే ఎక్కువ.)

ఇడ్లీ పిండి కూడా వాయువుతోనే పొంగుతుంది. కాకపోతే అక్కడ వాయువును తయారు చేసేవి సూక్ష్మజీవులు, వాటికి రాత్రంతా పడుతుంది. సోడా కలిపిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. కాబట్టి కలిపిన పిండి పక్కనపెట్టి టీవీ చూడటం కుదరదు. కళ్లతో చూడాలనుకుంటే, ఖాళీ సీసాలో నిమ్మరసం పోసి, బెలూనులో ఒక స్పూను వంటసోడా వేసి, బెలూను మూతిని సీసా మూతికి తొడిగి పైకెత్తండి. సోడా లోపల పడగానే ఏమవుతుందో చూసి, బొమ్మ గీయండి.

గిద్ద, సోల, మానిక

కొలతల దగ్గర కాసేపు ఆగుదాం. అవ్వ దగ్గర ఏ పాత కొలపాత్ర ఉన్నా తీయించండి. మన పాత లెక్క ఇలా ఉండేది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మరి మానికకు ఎన్ని గిద్దలు? చెప్పకుండా, నీళ్లు పోసి లెక్కపెట్టనివ్వండి. పదహారు వస్తుంది. పక్కింటి తమిళ పాట్టిని అడిగితే ఎనిమిది ఆళాక్కులు ఒక పడి అంటారు. పేర్లు వేరైనా ఎక్కడైనా సగం, అందులో సగం, అందులో సగమే. తక్కెడ లేని ఇంట్లో కూడా దేన్నైనా రెండు సమభాగాలు చేయడం ఎవరికైనా వస్తుంది గనుక కొలతలు అలా పుట్టి ఉంటాయని నా ఊహ. అరలు, పావులు, అరపావులు నల్లబల్ల మీద అర్థంకాని పిల్లవాడికి ఇక్కడ అర్థమవుతాయి. పాత్రతో పనిలేని కొలతలు కూడా చెప్పండి: చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు. అమ్మ దోసెడు, పాప దోసెడు ఒకటి కావని పాపకే తెలిసిపోతుంది. గ్రాములు, లీటర్లు ఎందుకు కావాల్సి వచ్చాయో చెప్పడానికి అదే సమయం.

రెండో పని: మెంతి, కాగితం గిన్నె

చాటలకు, గంపలకు సందులు పూడటానికి కాగితం గుజ్జు, మెంతిపిండి కలిపి పూయడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే గుజ్జుతో గిన్నె చేయవచ్చు. పాత వార్తాపత్రికలు చిన్న ముక్కలుగా చింపి రెండు రోజులు నానబెట్టాలి. చింపడం ఒకటో తరగతి వాళ్ల పని, వాళ్లకంటే బాగా ఎవరూ చేయలేరు. రెండు పిడికిళ్ల మెంతులు రాత్రంతా నానేయండి. కాగితం పిండేసి, మెంతులతో కలిపి రోట్లో రుబ్బండి, రోలు లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పండి. మెత్తటి ముద్ద కావాలి. ఒక గిన్నెను బోర్లించి, తడిగుడ్డ కప్పి, దాని మీద ముద్దను అర వేలి మందాన అద్దుతూ రావాలి. నీడలో ఒక రోజు, ఎండలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, గిన్నె నుంచి ఊడదీయండి. పైన సున్నం, జాజు, పసుపు, ఏదైనా పూసుకోవచ్చు.

మెంతులే ఎందుకంటే, నానిన మెంతుల్లో ఊరే బంక ఆరాక గట్టి జిగురులా పట్టేస్తుంది. కొందరు పురుగు పట్టకుండా జిగుళ్లలో మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు చేసే పనిలో అది వద్దు, విషం. వార్తాపత్రికల సిరా కూడా తినే వస్తువులకు తగలకూడదు. పత్రికల్లో తినుబండారాలు చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిందీ ఇందుకే. కాబట్టి ఈ గిన్నెలో పెన్సిళ్లు, బొత్తాలు, గవ్వలు పెట్టుకోండి, మురుకులు పెట్టొద్దు.

అంగట్లో థర్మోకోలు కొని, రాత్రి పదకొండింటికి అమ్మ చేసిన ప్రాజెక్టులు మేము ఇట్టే గుర్తుపడతాం. వంకర గిన్నె వస్తే వంకరదే పంపండి. దానికే మార్కులు.

ఎవరు ఏం చేయాలి

ఐదారేళ్ల పిల్లలు కొలవడం, జల్లించడం, చింపడం, అద్దడం చేయగలరు. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వొద్దు. ఎనిమిదేళ్లు దాటితే దంచడం, వత్తడం, కోరడం. పొయ్యి వెలిగించడం, వేడి గిన్నె దించడం పెద్దల పనే, ఏడో తరగతి వాళ్లకైనా. మిక్సీ ప్లగ్గు కూడా పెద్దల చేతిలోనే ఉండాలి.

ఇంకొకటి. ఇది ఆడపిల్లల హోంవర్కు కాదు. మగపిల్లలకు కూడా ఇదే పని, ఇవే మార్కులు. "వాడికెందుకు సార్ ఇవన్నీ" అని అడగడానికి దయచేసి ఎవరూ రావద్దు.

పని చేస్తున్నప్పుడు మాట్లాడండి. అదే అసలు హోంవర్కు. "అవ్వా, ఇది గ్రైండ్ చేయాలా?" అంటే కోప్పడకండి, "నూరాల నాయనా, ఇట్ల" అని చెయ్యి పట్టి చూపించండి. మన యాస మాటైనా ఫర్వాలేదు, పుస్తకం మాటే కావాలని లేదు. పక్క భాషల మాటలూ అడిగి రాసుకోనివ్వండి. మన అరిసె తమిళంలో అదిరసం, కన్నడంలో కజ్జాయ, ఒడిశాలో ఆరిసా పిఠా. ఒకే పిండివంటకు ఇన్ని పేర్లున్నాయని తెలిసిన పిల్లవాడు ఏ భాషనూ చిన్నచూపు చూడడు.

సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజు ప్రతి ఒక్కరూ గిన్నె తీసుకురావాలి. దానితోపాటు ఒక కాగితం మీద, ఈ పనుల్లో విన్న క్రియాపదాలు పది: జల్లించు, చిలుకు, అద్దు, పిండు, ఇలాంటివి. ఒక్కో మాట ఎదురుగా అది ఎవరి నోట విన్నారో రాయండి: అవ్వ, మేనత్త, తాత, పక్కింటి పెద్దమ్మ. రాయడం రాని ఒకటి, రెండు తరగతుల వాళ్లు నోటితో చెబితే చాలు. కేకు తేవొద్దు, ఇంట్లోనే తినేయండి.

మీ ఇంట్లో వాడకుండా పెరట్లో పడున్న తిరగలిగానీ సన్నికల్లుగానీ ఉంటే బడికి ఇవ్వండి. మోసుకురావడం కష్టమైతే కబురు చేయండి, ఏడో తరగతి పిల్లల్ని తీసుకుని మేమే వస్తాం.

ప్రధానోపాధ్యాయుడు