ఊరి నాడి చూచు విద్య

ఒక యింట జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. ఒకే వారమున నూరిండ్లలో జ్వరము వచ్చినచో వైద్యునితోపాటు మరియొకరు కావలెను. ఆయన చూడవలసినది ఊరి నాడి. వ్యాధి ఎవరికి వచ్చినది? ఎప్పుడు? ఎచ్చట? ఎవరికి రాలేదు? ఈ ప్రశ్నలనుండి పుట్టిన శాస్త్రమునకే ఎపిడెమియాలజీ యని పేరు.

1854లో లండనులోని సోహో పేటయందు కలరా చెలరేగి 600 మందికి పైగా మరణించిరి. దుర్గంధపు గాలియే కారణమని నాటివారి నమ్మకము. డాక్టరు జాన్ స్నో మరణములను లెక్కింపగా, పెక్కు బ్రాడ్ వీధి పంపు చుట్టునే కానవచ్చెను. అయితే ఆ చేరువనే యున్న పేదల వసతిగృహమున 535 మందిలో ఐదుగురే మరణించిరి. గాలి అందరికిని ఒక్కటియే గదా! విచారింపగా ఆ గృహమునకు సొంత బావి కలదని తేలెను. సెప్టెంబరు 8న పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టినను, దోషము నీటిదేనన్న స్నో తర్కము నిలిచినది. రాబర్ట్ కోచ్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపినది 1884లో. క్రిమి తెలియకమునుపే దాని త్రోవ తెలిసినదన్నమాట.

ఈ విద్య నేర్చుటకు వైద్యులు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేయుదురు. రెండేండ్ల ‘మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్’ చదువు మరియొక మార్గము. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలోను, హైదరాబాదు విశ్వవిద్యాలయములోను ఇది కలదు. కొన్నిచోట్ల వైద్య పట్టభద్రులకు ప్రాధాన్యము. మరికొన్నిచోట్ల నర్సింగు, గణాంకశాస్త్రము, జీవశాస్త్రములు చదివినవారికిని ప్రవేశము కలదు. చేరుటకు ముందే అర్హతలు విచారించుకొనుట మేలు.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలునందురు. కాని అడుగు మాడి, పైన పలుకుగా నున్న కుండలో ఏ మెతుకును నమ్మవలెను? కొందరిని చూచి ఊరందరిని గూర్చి చెప్పుటకు, ఆ కొందరిని ఎట్లు ఎన్నుకొనవలెనో ఈ చదువు నేర్పును. సగము పాఠము తరగతిలో, సగము ఇంటింటి గడపల యొద్ద.

చదివినవారికి జిల్లా వ్యాధి నిఘా విభాగములు, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రము, వైద్య పరిశోధన సంస్థలు, టీకాల పరీక్షలు జరుపు సంస్థలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పని చూపగలవు. అయితే ఈ పనిలో కీర్తి అరుదు. రోగము కుదిరినవాడు వైద్యునికి మ్రొక్కును; రోగమే రానివాడు ఎవరికి మ్రొక్కును?

శ్రీకాకుళము సీమలోని ఉద్దానమును తలచుకొనుడు. కొబ్బరి, జీడి తోటల నడుమ ఆ గ్రామములలో ఎందరో మూత్రపిండముల వ్యాధితో కృశించుచున్నారు. నీరా, ఎండలో శ్రమయా, పురుగుమందులా, మరేమైన నున్నదా? పరిశోధనలు జరిగినను, మూలకారణ మిదియని నిశ్చయముగ తేలలేదు. డయాలిసిస్ కేంద్రములు ప్రాణములు నిలుపుచున్నవి. రేపటి రోగిని ఆపవలెనన్న కారణము తెలియవలెను. మీ యింట డిగ్రీ ముగించి, ఏమి చదువుదునని యోచించు బిడ్డ యున్నచో, ఆ గ్రామముల ప్రశ్నను ఒకమారు వినిపింపుడు.