మైకు మూగబోతే ముందు బల్బు, తరువాతే స్క్రూడ్రైవరు

రెంటచింతల: కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్ళ మొదలు వేసవి పెళ్ళిళ్ళ దాకా పల్నాడులో మైకు సెట్లకు తీరిక ఉండదు. సరిగ్గా జనం కూడిన వేళకు సెట్టు మూగబోతే ఊరంతా మైకు కుర్రాడి మీద పడుతుంది. ఆ కంగారులో అతడు ఫ్యూజు మారుస్తాడు. అదీ పోతే రాగి తీగ మెలిపెట్టి బిగిస్తాడు. చిన్న జబ్బు పెద్దదయ్యేది అక్కడే. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతోందంటే లోపల షార్టు ఉన్నట్టు లెక్క. రాగి తీగ వేస్తే ఈసారి కాలేది ట్రాన్స్‌ఫార్మరు.

షార్టు పట్టుకోవడానికి వేలు పోసి యంత్రాలు కొననక్కరలేదు. ఒక హోల్డరు, 100 వాట్ల బల్బు, ఒక సాకెట్టు చెక్కకు బిగించి, ఫేజు తీగ బల్బు గుండా పోయేలా కలిపితే సీరీస్ బోర్డు తయారు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే భయం లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టే. కరెంటును బల్బు అదుపులో ఉంచుతుంది కనుక కొత్తగా వేసిన భాగాలు కాలవు. అయితే మనిషికి షాకు కొట్టకుండా అది ఆపలేదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. పాత ఫిలమెంటు బల్బులు దాచుకున్నవాడే తెలివైనవాడు!

తరువాత ప్లగ్గు పీకి, కొన్ని వందల రూపాయల మీటరుతో వెతకాలి. పాత ఆంప్లిఫయర్లలో ఉండే 2ఎన్3055 ట్రాన్సిస్టరును విప్పి చూస్తే, కలెక్టరు, ఎమిటరు మధ్య మీటరు సున్నా చూపిందంటే అది పోయినట్టే. 8 ఓముల స్పీకరుకు మీటరు 6, 7 ఓములు చూపుతుంది. టార్చి సెల్లు ఒక్క క్షణం తాకిస్తే 'టక్' మనాలి.

ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో మరో బాధ ఉంది. రేకుల షెడ్లలో ఉంచిన సెట్లలో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు తొందరగా ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. తల ఉబ్బిన కండెన్సరు, స్పీకరులో ఎడతెగని 'గుయ్' శబ్దం దానికి గుర్తులు. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బల్బు తీగలు తాకించి దాన్ని దించాకే చెయ్యి పెట్టాలి.

చాలాసార్లు ఇంత పనీ పడదు. మైకు తీగే జాకు మొదట్లో విరిగి ఉంటుంది. మీటరు పెట్టి తీగను అటూ ఇటూ వంచితే తెలిసిపోతుంది.